ఒక్కరే వచ్చేరా అండీ?

తెలుగువాడు ఒంటరిగా ఊళ్ళు తిరగడానికి పుట్టలేదు. సాక్ష్యం కావాలంటే మన తొలి యాత్రాగ్రంథాల్లో ఒకటైన కాశీయాత్ర చరిత్ర తెరిచి చూడొచ్చు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరినప్పుడు ఆయన వెంట దాదాపు వంద మంది ఉన్నారు. మే నెల ఎండ ఒక్కడి నెత్తిన పడితే కష్టంగానీ వంద మంది పంచుకుంటే ఎంతోకొంత తగ్గుతుందని ఆయన అనుకొని ఉండాలి. పదిహేను నెలలకు పైగా తిరిగి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. చుట్టూ అంత మంది ఉన్నా ఆయనకు కబుర్లు చాలలేదు. దారి పొడవునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. అవే 1838లో పుస్తకంగా అచ్చయ్యాయి.

ఒంటరిగా వెళ్ళినవాడు లేడా అంటే ఉన్నాడు. మొగల్తూరు పార్వతీశం. మొక్కపాటి నరసింహశాస్త్రి 1924లో పుట్టించిన ఈ కుర్రవాడు ఎవరికీ చెప్పకుండా ఇంగ్లండుకు బయల్దేరి, మద్రాసులో ముచ్చటపడి టోపీ కొన్నాడు. అది ఆడవాళ్ళ టోపీ. పక్కన ఒక్క మేనమామ ఉన్నా ఆ కొనుగోలు జరిగేది కాదు. పశ్చిమ గోదావరిలో ఇప్పటికీ ఎవరైనా 'నేనొక్కణ్ణే వెళ్తా' అంటే ఇంట్లోవాళ్ళు కంగారు పడటానికి ఆ టోపీయే కారణమేమో.

తెల్లవాళ్ళు ఒంటరి ప్రయాణాల్లో ఆరితేరినవాళ్ళని ఒక నమ్మకం ఉంది. అదీ అంత నిజం కాదు. స్కాట్లండు రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1878లో ఫ్రాన్సు కొండల్లో ఏకాకిగా నడుద్దామని వెళ్ళి, సామాను మోయడానికి ఒక గాడిదను కొన్నాడు. మరుసటి ఏడు వచ్చిన పుస్తకంలో కొండల సంగతి ఎంతో, గాడిదతో పడ్డ తగువుల సంగతీ అంతే.

ఇంత చరిత్ర ఎదురుగా ఉన్నా, హైదరాబాదులో ఒక బ్యాంకులో పనిచేసే యాభై దాటిన పెద్దమనిషికి ఎవరూ పలకరించని చోట కొన్నాళ్ళు గడపాలన్న కోరిక పుట్టింది. పొద్దున్న లేస్తే అపార్టుమెంటు నీళ్ళ టాంకరు గొడవ, ఆఫీసుకు వెళ్తే కేవైసీ క్యూ, సాయంత్రం వస్తే పెళ్ళి పిలుపులు. ఎవరికైనా పుడుతుంది ఆ కోరిక. ఆయన వెతుక్కున్న చోటే కాస్త విచిత్రం. పోలవరం.

ఎందుకు గోదావరి గట్టునున్న పోలవరం అంటే సినిమాలు. చిన్నప్పుడు బాపు తీసిన 'అందాల రాముడు' (1973) చూశాడు. లాంచీ, గోదావరి, భద్రాచలం. తర్వాత శేఖర్ కమ్ముల 'గోదావరి' (2006) కూడా చూశాడు. మళ్ళీ లాంచీ, మళ్ళీ భద్రాచలం. రెండింట్లోనూ ఎవరికీ చెమట పట్టలేదు. దాన్నిబట్టి గోదావరి మీద ఎప్పుడూ చల్లగాలే వీస్తుందని నిర్ణయానికి వచ్చాడు. ఆ చల్లగాలిలో కొంత వాటా సినిమా హాలు ఏసీదని అప్పుడు తోచలేదు. సెలవు మంజూరైంది మే నెలాఖరున. అంటే రోళ్ళు పగిలే రోహిణీ కార్తెలో.

ఇంట్లో ఈ కబురు విన్న భార్య మొదటి ప్రశ్న, "మేమేం చేశాం?" అని. కూతురు మాత్రం "సోలో ట్రిప్ నాన్నా, సూపర్" అని మెచ్చుకుని, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టమంది. ఆయన తల్లి ఏమీ అనలేదు. బయల్దేరే ముందు ఒక ఉల్లిపాయ తెచ్చి చొక్కా జేబులో వేసింది. వడదెబ్బ తగలకుండా ఉల్లిపాయ కాస్తుందని మన పల్లెల్లో పెద్దవాళ్ళ నమ్మకం. వైద్యశాస్త్రం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, తల్లి వేసిన ఉల్లిపాయను జేబులోంచి తీసే ధైర్యం యాభై ఏళ్ళ కొడుక్కి కూడా ఉండదు.

హైదరాబాదు నుంచి వచ్చేవాడికి పోలవరం దగ్గరి స్టేషను కొవ్వూరు. అది గోదావరికి ఇవతల గట్టున ఉంది. వంతెన దాటితే అవతల రాజమండ్రి. యాత్రికుడు రాత్రంతా పక్క బెర్తు గురకకు మేలుకొని, తెల్లారగట్ల సరిగ్గా కొవ్వూరుకు ముందు నిద్రపోయాడు. లేపింది వంతెన మోత. గోదావరి మీద రైలు దాటుతుంటే నిద్రపోయేవాడు ఎవడూ ఉండడు. ఎదుటి సీటు పెద్దావిడ కిటికీలోంచి రూపాయి బిళ్ళ విసిరి దణ్ణం పెట్టుకుంటోంది. ఆయన కూడా దణ్ణం పెట్టాడు, కారణం వేరైనా. 1900లో మొదలై 1997లో పదవీ విరమణ చేసిన హావ్‌లాక్ వంతెన పక్కనే ఖాళీగా నిలబడి ఉంది. దిగాల్సిన ఊరు వెనక్కి పోతోంది.

రాజమండ్రిలో దిగి, బస్సెక్కి, 1974లో తెరిచిన రోడ్డు రైలు వంతెన మీదుగా మళ్ళీ కొవ్వూరు వచ్చాడు. పొద్దున్న తొమ్మిదికే గోదావరి రెండుసార్లు దాటడం అయిపోయింది.

కొవ్వూరు నుంచి పోలవరం దారి తాళ్ళపూడి, తాడిపూడి, గూటాల, పట్టిసం మీదుగా గోదావరి గట్టు వెంట సాగుతుంది. చూడచక్కని దారే. నదిని చూడాలంటే బస్సులో కుడివైపు కూర్చోవాలి. ఆయన ముందే మ్యాపు చూసుకొచ్చి, పరుగెత్తి, కుడివైపు కిటికీ పట్టాడు. బస్సు నిండినా ఆ వరసలో పోటీ లేకపోవడం ఎందుకో ఆయనకు తాళ్ళపూడి దాకా అర్థం కాలేదు. పొద్దుటి బస్సుకు గోదావరి ఎటువైపో సూర్యుడూ అటువైపే. ఎడమవైపు నీడలో జనం ఒకరి మీద ఒకరు పడి హాయిగా నిద్రపోతున్నారు. కుడివైపు ఆయన ఒక్కడే గోదావరి దర్శనం చేసుకుంటూ, మోచేతి నుంచి భుజం దాకా ఎర్రగా కమిలాడు. ఆ దారిన రోజూ తిరిగేవాళ్ళు నదిని చూడరు, నీడను చూస్తారు. నది ఎక్కడికీ పోదు కదా.

ఇక్కడి ఎండ గురించి ఒక మాట. ఆంధ్రలో ఎండకు పేరుపడ్డ ఊరు పల్నాటి రెంటచింతల. అక్కడి ఎండ పొడి ఎండ. గోదావరి పక్క ఎండకు నీటి తేమ తోడవుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. మనిషి ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టే. భారత వాతావరణ శాఖ లెక్కలో, మైదాన ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువైతే అది వడగాల్పు. 45 తాకితే మామూలుతో పోల్చే పని కూడా లేదు. ఇది నవ్వులాట కాదు. 2015 మే నెలలో వీచిన వడగాల్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా పోయారు. అప్పటి నుంచి జాగ్రత్తలు పెరిగాయి. విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా హెచ్చరికలు ఇస్తోంది. యాత్రికుడు పోలవరంలో కాలు పెట్టగానే ఆయన ఫోనుకు వచ్చిన మొదటి పలకరింపు అదే. అవసరం లేనిదే బయట తిరగొద్దని. ఆయనకు అవసరం ఏమీ లేదు, అందుకే వచ్చాడు మరి.

లాడ్జిలో గుమస్తా రిజిస్టరు తిప్పుతూ అడిగాడు. "ఒక్కరే వచ్చేరా అండీ?"

"ఒక్కణ్ణే."

"ఫ్యామిలీ వెనకాల వస్తన్నారా?"

"లేదు. ఒక్కణ్ణే."

గుమస్తా కలం ఆపి పైకి కిందకి చూశాడు. "గొడవేం లేదు కదండీ ఇంట్లో?"

ఏసీ గది ఉంది. ఏసీ కూడా ఉంది. దాని రిమోట్ పై అంతస్తు గదిలో ఉందని, ఆ గది వాళ్ళు తలుపు తియ్యడం లేదని తెలిసింది. రిమోట్ దొరికేసరికి కరెంటు పోయింది. కరెంటు వచ్చేసరికి వోల్టేజీ లేదు, ఏసీ రెండుసార్లు మూలిగి ఊరుకుంది. బదులుగా కూలర్ ఇచ్చారు. ఉక్కపోతలో కూలర్ పెట్టడమంటే ఉన్న తేమకు తేమ కలపడమే. అరగంటకు దుప్పటి తడిసింది, దిండు తడిసింది, బ్యాగులో ఏకాంతంగా చదువుకుందామని తెచ్చుకున్న పుస్తకాల అట్టలు పైకి వంగాయి.

అర్ధరాత్రి తట్టుకోలేక మేడ మీదికి వెళ్ళాడు. అక్కడ అప్పటికే ఊరు ఊరంతా పడుకొని ఉంది. పోలవరం ఆనకట్ట ప్రాజెక్టులో మిషన్లు నడిపే ఒడిశా కుర్రాళ్ళు, ఒక మందుల కంపెనీ రిప్రజెంటేటివ్, లాడ్జి గుమస్తా, గుమస్తా బావమరిది. ఒకాయన లేచి, చాప జరిపి, "రండి, ఇటు గాలొస్తాది" అన్నాడు. గాలి రాలేదుగానీ కబుర్లు వచ్చాయి. జీతమెంత, పిల్లలెంతమంది, సొంత ఇల్లా అద్దె ఇల్లా, షుగరుందా. తెల్లారేలోపు ఆయన జాతకం మేడ మీద అందరికీ తెలిసిపోయింది.

పొద్దున్నే టీ కొట్టు. పోలవరంలో కొత్త ముఖం కనబడితే ఆ మనిషి ఏ పని మీద వచ్చాడో తేల్చే ఒక లెక్క ఉంది. చేతిలో ఫైలుంటే ముంపు నిర్వాసితుల పరిహారం తాలూకు మనిషి. నెత్తిన హెల్మెట్టుంటే ప్రాజెక్టు ఇంజనీరు. నల్ల కళ్ళజోడుంటే సినిమా లొకేషన్లు చూసేవాడు. ఇవేవీ లేకపోతే పొలం కొనడానికి వచ్చినవాడు. చూడ్డానికే వచ్చానన్న మాట ఈ లెక్కలో ఎక్కడా ఇమడదు. ఆయన ఎంత చెప్పినా టీ కొట్టాయన కన్నుగీటి, "అర్థమైందండి, చెప్పకూడదు" అని, అదనంగా ఒక బిస్కెట్టు ఇచ్చి, సర్వే నంబర్ల గురించి గొంతు తగ్గించి మాట్లాడటం మొదలెట్టాడు.

ఈ ఊరి టీ కొట్ల దగ్గర వినబడే ఇంజనీరింగు ఇంకో ఊళ్ళో వినబడదు. వేరే చోట్ల క్రికెట్ మాట్లాడుకునే వయసు కుర్రాళ్ళు ఇక్కడ డయాఫ్రం వాల్ మాట్లాడతారు. క్షవరం చేస్తూ మంగలాయన వివరించాడు. నది అడుగున నీరు ఊరిపోకుండా భూమిలోకి దింపే కాంక్రీటు గోడ అది. దాని మీద మట్టి, రాయి కలిపి ప్రధాన ఆనకట్ట లేపాలి. 2020 వరదలకు గోడ దెబ్బతింది. 2025 జనవరిలో కొత్త గోడ పని మొదలైంది. చెబుతూ చెబుతూ ఆవేశంలో ఆయన కత్తి గాల్లో గీసిన గోడ బొమ్మ యాత్రికుడి చెవికి అంగుళం దూరంలో ఆగింది.

ఈ ఆనకట్ట ఊహ 1940ల నాటిది. ఎల్. వెంకటకృష్ణ అయ్యర్ అనే ఇంజనీరు తలపెట్టినప్పుడు దాని పేరు రామపాదసాగర్, భద్రాచలం రాముడి పాదాల దాకా నీరు నిలుస్తుందని. 1981లో ముఖ్యమంత్రి టంగుటూరి అంజయ్య శంకుస్థాపన చేశారు. పనులు ఊపందుకున్నది 2004 తర్వాత. 2014 విభజన చట్టం దీన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. ఈ మధ్యలో ఎన్ని గడువులు వచ్చి పోయాయో ఊళ్ళోవాళ్ళు లెక్కపెట్టడం మానేశారు. అందుకే 'పది నిమిషాల్లో కరెంటొస్తాదండి' అని గుమస్తా చెబితే నమ్మింది ఆ ఊళ్ళో ఒక్క యాత్రికుడే.

మధ్యాహ్నం భోజనానికి వెళ్ళి పులస ఉందా అని అడిగాడు. మెస్సులో గరిటెల చప్పుడు ఆగింది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత విన్నాడు కనక అడిగాడు, పాపం. వడ్డించే ఆవిడ ఆయన్ను జాలిగా చూసింది. మొదటి సంగతి, పులస సముద్రం చేప. వానాకాలంలో ఎర్రనీళ్ళు వచ్చాక ఏటికి ఎదురీదుతూ గోదావరిలోకి వస్తుంది. మే నెలలో అది బంగాళాఖాతంలో ఎక్కడుందో దానికే తెలియాలి. రెండో సంగతి, వచ్చినా ధవళేశ్వరం దాకానే. 1847లో మొదలెట్టి 1852కల్లా కాటన్ దొర కట్టిన ఆనకట్ట అడ్డం. పోలవరం ఆ ఆనకట్టకు ఎగువన ఉంది. అంటే ఆయన తప్పు నెలలో, తప్పు ఊళ్ళో అడిగాడు. "చేపల పులుసు ఉందండి, బొచ్చె" అంది ఆవిడ. తర్వాత ఆయన్ను చూసి తనే నిర్ణయం మార్చుకుంది. "ఈ ఎండలో మీకెందుకండి పులుసు, మజ్జిగన్నం తినండి. ఒక్కరే వచ్చేరా?" మజ్జిగ, మామిడికాయ పచ్చడి, రెండు తాటిముంజలు. ఆ ఊళ్ళో ఆయన పెట్టుకున్న ప్రణాళికకు పూర్తిగా విరుద్ధంగా జరిగి బాగా జరిగిన పని ఆ భోజనమొక్కటే.

పట్టిసం వెళ్ళాడు. నది మధ్య దేవకూట పర్వతం మీద వీరభద్రస్వామి గుడి, పక్కనే భావనారాయణుడు. దక్షయజ్ఞం ధ్వంసం చేశాక వీరభద్రుడు తన ఆయుధాన్ని ఇక్కడ గోదావరిలో కడుక్కున్నాడని స్థలపురాణం. మహాశివరాత్రికి ఇసుక వేస్తే రాలని జనం ఉంటారు. మే నెల మిట్టమధ్యాహ్నం పడవలో నలుగురే ఉన్నారు. ఏకాంతం దొరికిందని ఆయన సంబరపడ్డాడు. చెప్పులు కింద విప్పి మొదటి మెట్టు మీద పాదం పెట్టే దాకా ఆ సంబరం నిలిచింది.

రాయి పెనంలా లేదు, పెనమే నయం. రెండో మెట్టు నుంచి ఆయన నడక మానేశాడు, ఎగరడం మొదలెట్టాడు. యాభై దాటాక అంత వేగంగా మెట్లెక్కిన మనిషిని చూసి పైన పూజారి భక్తి ఆవేశం అనుకొని దారి తప్పుకున్నాడు. గర్భగుడి ముందు చల్లటి బండ మీద నిలబడి ఆయన దాదాపు గంటసేపు కదల్లేదు. ఇంత తీరిగ్గా దర్శనం చేసుకున్న భక్తుడు ఈ మధ్య రాలేదని పూజారి మెచ్చుకొని, ప్రత్యేకంగా తీర్థం ఇచ్చి, గోత్రం అడిగి, కుటుంబ సభ్యులందరి పేర్లూ చదివి అర్చన చేశాడు. ఒంటరిగా వచ్చినా దేవుడి దగ్గర ఆ మాట చెల్లలేదు.

ప్రాజెక్టు చూద్దామని మర్నాడు బయల్దేరాడు. 2018లో ప్రభుత్వం ఊరూరి నుంచి బస్సులు పెట్టి రైతులను తెచ్చి ఆనకట్ట చూపించింది. ఆ రోజులు వేరు. ఇప్పుడు అనుమతి కావాలి. కాపలా మనిషి, "ఎంతమందండీ మీ బ్యాచ్?" అన్నాడు. ఒక్కణ్ణే అంటే, "ఒక్కరికి ఎలాగండీ, మిగతావాళ్ళు రానీయండి" అని నీడలో కుర్చీ వేశాడు. రాని బ్యాచ్ కోసం యాత్రికుడు రెండు గంటలు ఎదురుచూశాడు. కాపలా మనిషికి మాత్రం కాలక్షేపమైంది. ఆయన చూపించలేని ఆనకట్టను మాటల్లో కట్టి చూపించాడు. స్పిల్‌వేకు 48 గేట్లు, నీటి నిల్వ 194.6 టీఎంసీలు, పూర్తి మట్టం 45.72 మీటర్లు, కరెంటు 960 మెగావాట్లు. 2019 జనవరిలో 24 గంటల్లో 32,315.5 ఘనపు మీటర్ల కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డుకెక్కారు. ఆ అర ఘనపు మీటరును కూడా వదలకుండా చెప్పాడు. సిమెంటు గట్టిపడేటప్పుడు తనలోంచి వేడి పుడుతుంది గనక ఇంత లావు కాంక్రీటు పగలకుండా ఉండాలంటే చల్లటి నీళ్ళు, మంచు ముక్కలు కలిపి పోస్తారని కూడా చెప్పాడు. కాంక్రీటుకు దొరికిన మంచు ముక్క తనకు దొరకలేదే అని యాత్రికుడు లోలోపల కుమిలిపోయాడు. చుట్టుపక్కల కొట్లలో గోలీ సోడా ఉంది, గోరువెచ్చగా.

ఇక మిగిలింది పాపికొండల మధ్య సినిమాల్లో చూసిన ఆ లాంచీ ప్రయాణం. అసలు వచ్చిందే దానికోసం. లాంచీ రేవు ఎక్కడని అడిగితే ఊరంతా అదే సమాధానం. ఇక్కడ కాదండి, అవతల గట్టున గండిపోచమ్మ గుడి దగ్గర. ఎందుకంటే పోలవరం దగ్గర నదికి అడ్డంగా కాఫర్ డ్యామ్ వచ్చేసింది. 2021 జూన్ 11న నదినే స్పిల్‌వే వైపు మళ్ళించారు. కిందినుంచి లాంచీ పైకి పోయే దారి లేదు. సినిమాల్లో రాజమండ్రిలో ఎక్కి భద్రాచలంలో దిగిన ఆ ప్రయాణం సినిమాల్లోనే మిగిలింది. గండిపోచమ్మకు వెళ్ళాలంటే ఎలా? పట్టిసం దగ్గర రేవు దాటితే పురుషోత్తపట్నం, అక్కణ్ణించి ఆటో దొరికితే దొరికినట్టు. లేదా కొవ్వూరు వెళ్ళి, వంతెన దాటి, రాజమండ్రి నుంచి అవతలి గట్టున సీతానగరం మీదుగా రావాలి. అంటే పాపికొండలు వెళ్ళాలంటే ముందు రాజమండ్రిలోనే దిగి ఉండాల్సింది. రైల్లో నిద్రపోయి పొరపాటున దిగిన ఊరే సరైన ఊరు. కష్టపడి వెనక్కి వచ్చిన గట్టే తప్పు గట్టు. ఈ సంగతి గ్రహించిన క్షణాన ఆయన ముఖం చూసి టీ కొట్టాయన డబ్బులు తీసుకోలేదు.

మళ్ళీ గోదావరి దాటాడు. రాజమండ్రిలో ఓ గ్లాసు రోజ్ మిల్క్ తాగాక ప్రాణం లేచొచ్చి, తెల్లారేసరికి గండిపోచమ్మ చేరాడు.

ఇక్కడ కంట్రోల్ రూములో ప్రతి ప్రయాణికుడి పేరు, ఊరు, ఫోను నంబరు రాస్తారు. లైఫ్ జాకెట్టు తొడుక్కోందే లాంచీ కదలదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద నీటిలో బోటు మునిగి యాభై మంది దాకా చనిపోయాక పెట్టిన కట్టుబాట్లివి. ఆ తర్వాత రెండేళ్ళ దాకా ఈ నది మీద విహారం ఆగిపోయింది. 44 డిగ్రీల ఎండలో ఫోమ్ దట్టించిన ఆ జాకెట్టు ఒంటికి అంటుకుపోతున్నా దాన్ని విప్పేస్తానన్నవాడు లాంచీలో ఒక్కడూ లేడు. మన యాత్రికుడు కూడా బిగించి కట్టుకున్నాడు.

టిక్కెట్టు దగ్గర మళ్ళీ అదే గొడవ. సింగిల్ టిక్కెట్టుకు సీటు చూడటం వాళ్ళకు అలవాటు లేదు. బల్లలు కుటుంబాల లెక్కన ఉంటాయి. చివరికి భీమవరం వైపు నుంచి వచ్చిన ఒక పెళ్ళివారి గుంపు మధ్యలో, ఒక అత్తగారికీ ఆమె తోటికోడలికీ నడుమ ఇరికించారు. పది నిమిషాల్లో ఆయన 'అన్నయ్యగారు' అయిపోయాడు. పావుగంటలో ఒక చంటిపిల్ల ఒళ్ళోకి వచ్చింది. టిఫిన్లో ఉప్మా తినక తప్పలేదు. అత్తగారు మరమరాల పిడత కలుపుతూ, "ఉల్లిపాయ మర్చిపోయామే" అని నొచ్చుకుంది. ఆయన మారు మాట్లాడకుండా చొక్కా జేబులో చెయ్యి పెట్టి ఒక ఉల్లిపాయ తీసి ఇచ్చాడు. లాంచీ మొత్తం నిశ్శబ్దమైంది. జేబులో ఉల్లిపాయ పెట్టుకొని ఒంటరిగా తిరిగే మనిషి ఎవరై ఉంటాడన్నది ఆ పెళ్ళివారు సాయంత్రం దాకా చర్చించారు. వంటమేస్త్రి అన్న అభిప్రాయానికే ఎక్కువ ఓట్లు పడ్డాయి.

దేవీపట్నం దాటాక, నీళ్ళ అంచున ఖాళీగా నిలబడ్డ ఊళ్ళు కనబడినప్పుడు, స్పీకరులో పాట ఆపించి ఎవరో అడిగారు అవేమిటని. సరంగు చెప్పాడు. ప్రాజెక్టు ముంపులో ఖాళీ అయిన ఊళ్ళు. జనాన్ని కాలనీలకు తరలించారు. తన బాల్యం కూడా వాటిల్లో ఒకదానిలో ఉందట. కాసేపు ఎవరూ స్పీకరు పెట్టమని అనలేదు.

పాపికొండలు దగ్గరికొచ్చి నది సన్నబడింది. ఇరువైపులా కొండలు లేచి, మొట్టమొదటిసారి ఒక ఐదు నిమిషాలు నిజంగా చల్లగాలి వీచింది. ఫొటో తీద్దామని యాత్రికుడు ఫోను పైకెత్తాడు. ఫోను వేడెక్కిందని, చల్లబడే దాకా పనిచెయ్యదని అదే ప్రకటించి ఆరిపోయింది. గాలికి టోపీ ఎగిరి గోదావరిలో పడింది. అది సొంత టోపీయే, మగవాళ్ళదే, అయినా పోయింది. పెళ్ళివారిలో ఒక కుర్రాడు ఆ దృశ్యం మొత్తం వీడియో తీశాడు. పేరంటపల్లిలో శివాలయం, పక్కన కొండవాగు. ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టుకొని కూర్చుంటే లేవబుద్ధి కాలేదు. లేపడానికి ఆరుగురు వచ్చారు. తనను వదిలేసి లాంచీ కదిలిపోతుందేమోనన్న ఆశ అలా పోయింది.

తిరుగు ప్రయాణంలో వాళ్ళు తమ వ్యానులోనే రాజమండ్రి స్టేషనులో దింపారు. ఆటోకిచ్చే డబ్బులు దండగన్నారు. దిగేటప్పుడు అత్తగారు ఒక డబ్బాలో ఆత్రేయపురం పూతరేకులు పెట్టి, "చెల్లెలు ఇచ్చిందని చెప్పండి వదినగారికి" అంది.

రైలెక్కి ఫోను తెరిచేసరికి ఆయన్ను ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చి ఉన్నారు. పేరు 'పాపికొండలు ఫ్యామిలీ'. టోపీ ఎగిరిన వీడియో అప్పటికే అందులో ఉంది, దాని కింద నవ్వు బొమ్మలు వరస కట్టాయి. పొద్దున్నే శుభోదయాలు, ఏకాదశికి శ్లోకాలు, ఎవరికో సంబంధం వెతుకులాట. కార్తీకంలో మారేడుమిల్లి వెళ్దామని ప్రతిపాదన వచ్చింది. బొంగులో చికెన్ తినేవాళ్ళు, మానేసేవాళ్ళు విడివిడిగా పేర్లివ్వాలని, తలకు వెయ్యి చొప్పున అడ్వాన్సు గురువారంలోగా పంపాలని అత్తగారి అల్లుడు రాశాడు. అన్నయ్యగారు ఎన్ని టిక్కెట్లని ప్రత్యేకంగా అడిగాడు.

భార్య భుజం మీదుగా తొంగిచూసింది. ఆయన నాలుగు అని కొట్టాడు. తల్లి కూడా వస్తానంది.